గిటార్ వినబడట్లేదా? ముందు గెయిన్ తగ్గించండి

నా మొదటి మెటల్ పాట మిక్స్ అయిపోయిన రోజు సాయంత్రం, సికింద్రాబాద్‌లో ఒక ఇరానీ హోటల్ బయట నిలబడి ఫ్రెండ్ తెచ్చిన చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో దాన్ని వినిపించాను. డ్రమ్స్ వచ్చాయి, గొంతు వచ్చింది. గిటార్లు మాత్రం పక్క సందులో ఎవరిదో రేడియో మోగుతున్నట్టు సన్నగా ఉన్నాయి. వాడు రెండు నిమిషాలు విని, "ఇందులో గిటార్ ఎక్కడ్రా?" అన్నాడు. ఆ గిటార్ వాయించింది వాడే.

ఇంటికెళ్లి గెయిన్ (యాంప్‌లో గిటార్ శబ్దం ఎంత గరగరలాడాలో తేల్చే నాబ్) పెంచాను, ఫేడర్ పెంచాను, ట్రెబుల్ పెంచాను. పెంచిన కొద్దీ కందిరీగల తుట్టె కదిపినట్టు రొద ఎక్కువైందే తప్ప గిటార్ ముందుకు రాలేదు. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు కాబట్టి అసలు సంగతి ముందే చెప్పేస్తాను. రాక్, మెటల్ పాటల్లో గిటార్ పెద్దగా వినిపించేది దాని గెయిన్ వల్ల కాదు, బేస్, కిక్, గొంతు దానికి వదిలిన చోటు వల్ల. కింద చెప్పే పనుల్లో చాలావరకు ఆ చోటు సంపాదించడానికే. ఖరీదైన స్టూడియో అక్కర్లేదు. లాప్‌టాప్, రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మంచి హెడ్‌ఫోన్ ఉంటే సరిపోతుంది.

మిక్స్ కంటే ముందు చేయాల్సినవి

తీగలు మార్చండి. మన ఎండాకాలం చెమటకి తీగలు తొందరగా మొద్దుబారతాయి. పాత తీగల మీద వాయించిన పామ్ మ్యూట్‌కి (అరచేతి అంచు తీగలకి ఆనించి కొట్టే దెబ్బకి) తర్వాత ఏ ఈక్యూ (కింది, మధ్య, పై శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించేది) పెట్టినా పదును రాదు. ట్యూనింగ్ కిందికి దించితే తీగ మందం కూడా పెంచాలి. మామూలు ట్యూనింగ్‌లో ఆరో తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, దాన్ని డీ స్వరానికి దించే డ్రాప్ డీలో 73, సీకి దించే డ్రాప్ సీలో 65. 9-42 లాంటి సన్నటి తీగల సెట్‌తో డ్రాప్ సీకి దిగితే తీగ బట్టలారేసే దండెంలా వేలాడుతుంది, గట్టిగా కొట్టగానే స్వరం పైకి జారుతుంది. 11-54 లాంటి మందపాటి సెట్ వేసుకుని ఇంటొనేషన్ చూడండి: 12వ ఫ్రెట్ మీద వచ్చే హార్మోనిక్, అదే ఫ్రెట్ నొక్కితే వచ్చే స్వరం రెండూ ఒకటిగా ఉండాలి. ట్యూన్ చేసేటప్పుడు మెల్లగా మీటకండి. పాటలో ఎంత గట్టిగా కొడతారో అంత గట్టిగానే కొట్టి ట్యూన్ చేయండి, అదీ ప్రతి టేక్‌కీ ముందు. విసుగు పుట్టించే పనే. కానీ శ్రుతి కలవని రెండు గిటార్లను మిక్స్‌లో ఎవరూ కలపలేరు.

తర్వాత హమ్. మన కరెంటు 50 హెర్ట్జ్. ఎర్తింగ్ సరిగా లేని పాత అపార్ట్‌మెంట్లలో ఆ 50, దాని గుణిజాలు 100, 150 దగ్గర గుయ్‌మనే శబ్దం పికప్‌లోకి (తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగంలోకి) ఎక్కేస్తుంది, హై గెయిన్ దాన్ని ఇంకా పైకి లేపుతుంది. సింగిల్ కాయిల్ పికప్ అయితే మరీ ఘోరం, రెండు కాయిల్స్ ఉండే హంబకర్ కొంత నయం. చార్జర్ తీసేసి లాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడిపి చూడండి. ఫ్యాన్, దాని రెగ్యులేటర్ ఆపేయండి (మే నెలలో ఇది పెద్ద త్యాగమే). గిటార్ పట్టుకుని కుర్చీలో మెల్లగా చుట్టూ తిరగండి. ఏదో ఒక దిక్కున హమ్ బాగా తగ్గుతుంది, అటు తిరిగి కూర్చోండి. దీనికీ వాస్తుకీ సంబంధం లేదు. ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ పీకొద్దు. హమ్‌తో పాటు ప్రాణం కూడా పోవచ్చు.

గిటార్‌ని ఇంటర్‌ఫేస్‌లో నేరుగా పెట్టి, ఇన్‌స్ట్రుమెంట్ స్విచ్ ఆన్ చేయండి. మీరు వాయించే అన్నిటికంటే గట్టి రిఫ్‌కి (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరసకి) మీటర్ మైనస్ 12, మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. యాంప్ సిమ్యులేటర్ (యాంప్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) వింటూ వాయించండి, బఫర్ 64 లేదా 128 శాంపిల్స్ దగ్గర పెట్టుకుంటే ఆలస్యం తెలియదు. కానీ ఫైల్‌లో రికార్డయ్యేది మాత్రం ఏ ఎఫెక్టూ లేని గిటారే కావాలి. దాన్నే డీఐ అంటాం. డీఐ చేతిలో ఉంటే రేపు యాంప్ మార్చొచ్చు, ఎల్లుండి క్యాబ్ (యాంప్ శబ్దం బయటికొచ్చే స్పీకర్ పెట్టె) మార్చొచ్చు. ఇక అసలు యాంప్ సంగతంటారా, డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో 50 వాట్ల ట్యూబ్ యాంప్ తెరిస్తే మర్నాడే అసోసియేషన్ మీటింగ్ ఉంటుంది. గంటల లెక్కన అద్దెకిచ్చే జామ్ రూమ్‌లో అయితే పెట్టుకోవచ్చు. నేను ఇప్పుడు చాలావరకు న్యూరల్ యాంప్ మోడలర్ అనే ఉచిత ప్లగిన్‌తోనే కానిస్తున్నాను.

రెండుసార్లు వాయించాలి, కాపీ చేయకూడదు

ఇరానీ హోటల్ దగ్గర నా పరువు తీసిన తప్పు ఇదే. అప్పట్లో నేను ఒక్క టేక్ తీసుకుని, దాన్ని కాపీ చేసి, కాపీని 10 మిల్లీసెకన్లు వెనక్కి జరిపి, ఒకటి ఎడమకి ఒకటి కుడికి పెట్టాను. హెడ్‌ఫోన్‌లో అద్భుతంగా వెడల్పుగా ఉంది. బ్లూటూత్ స్పీకర్ చిన్నది, అది రెండు చానెళ్లనీ కలిపి ఒక్కటిగా మోగిస్తుంది. ఒకే శబ్దం 10 మిల్లీసెకన్ల తేడాతో తనలో తానే కలిస్తే 50, 150, 250 హెర్ట్జ్... అలా ప్రతి 100 హెర్ట్జ్‌కీ ఒకచోట శబ్దం రద్దయిపోతుంది. దువ్వెన పళ్ల మధ్య ఖాళీల్లా గిటార్‌లో ఖాళీలు పడతాయి. దీన్ని కోంబ్ ఫిల్టరింగ్ అంటారు. మిగిలేది ఆ రేడియో శబ్దమే.

కాబట్టి అదే రిఫ్‌ని మళ్లీ మొదటినుంచీ వాయించండి. మనిషి రెండుసార్లు వాయిస్తే ఏ రెండు మీటులూ అచ్చు ఒకేలా ఉండవు. ఆ చిన్న చిన్న తేడాలే చెవికి వెడల్పుగా అనిపిస్తాయి, మోనోలో కలిపినా పోవు. మొదటి టేక్ పూర్తిగా ఎడమకి, రెండోది పూర్తిగా కుడికి పెట్టండి. 70 దగ్గరో 80 దగ్గరో ఆపడం మొహమాటం, నూరు దాకా తిప్పేయండి. కుడివైపు టేక్‌కి వేరే గిటారో, కనీసం వేరే పికప్పో వాడితే ఇంకా బాగుంటుంది.

నాలుగు టేక్‌లు పెడితే గోడలా ఉంటుందని వినుంటారు. నిజమే, నాలుగూ బిగువుగా ఉంటేనే. రెండు నూరు దగ్గర, రెండు 75 దగ్గర, లోపలివి ఒక 4, 5 డెసిబెల్స్ తక్కువ, గెయిన్ కూడా తక్కువ. వేగమైన థ్రాష్ రిఫ్‌లకి నేను రెండే వాడతాను. నాలుగు చేతులు వాయిస్తే పదును అరిగిపోతుంది, నెమ్మదిగా సాగే డూమ్ రిఫ్‌కైతే పనికొస్తుంది.

ఎడిటింగ్‌లో ఒక్క మాట. రిఫ్ ఆగే చోట రెండు గిటార్లూ, బేసూ, కిక్కూ ఒకే క్షణంలో ఆగాలి. ఆ నిశ్శబ్దంలో హిస్ వినిపిస్తే కత్తిరించి చిన్న ఫేడ్ వేయండి. నాయిస్ గేట్ (వాయించనప్పుడు శబ్దాన్ని మూసేసేది) వాడితే అది డీఐని విని తెరుచుకునేలా పెట్టండి, డిస్టార్షన్ తర్వాత వచ్చే శబ్దాన్ని విని కాదు. డీఐలో గట్టి, మెత్తన తేడా స్పష్టంగా ఉంటుంది కాబట్టి గేట్ తడబడదు.

టోన్

గెయిన్ ఎంత ఉండాలి? మీకు గదిలో ఒంటరిగా వాయించుకుంటే హాయిగా అనిపించేంత పెట్టండి. ఇప్పుడు అందులో మూడో వంతు తగ్గించండి. ఒంటరిగా వింటే చప్పగా ఉంటుంది, భయపడకండి. రెండు టేక్‌లు కలిస్తే డిస్టార్షన్ చిక్కబడుతుంది, బేస్ కలిస్తే ఇంకా చిక్కబడుతుంది. పామ్ మ్యూట్ చేసినప్పుడు పిక్ తీగను తాకిన దెబ్బ విడివిడిగా వినిపించాలి. అది 'జూమ్... జూమ్' అని సాగుతుంటే గెయిన్ ఇంకా ఎక్కువే ఉన్నట్టు.

హై గెయిన్ యాంప్‌కి ముందు ట్యూబ్ స్క్రీమర్ రకం పెడల్ పెట్టండి, సాఫ్ట్‌వేర్‌లో అయినా సరే. డ్రైవ్ సున్నా, లెవెల్ దాదాపు పూర్తిగా, టోన్ మధ్యలో. డ్రైవ్ సున్నా పెడితే పెడల్ ఎందుకని అడుగుతారు. ఆ సర్క్యూట్ కింది శబ్దాన్ని కోసేసి, 700 హెర్ట్జ్ చుట్టుపక్కల చిన్న మూపురం తెస్తుంది. డిస్టార్షన్‌లోకి పోకముందే కింది గుమ్ము తగ్గింది కాబట్టి యాంప్ గందరగోళపడదు, రిఫ్ బిగుస్తుంది. 1992లో వచ్చిన పీవీ 5150 లాంటి యాంప్‌ల ముందు మెటల్ వాళ్లు ఈ పెడల్ పెట్టేది ఇందుకే.

యాంప్ కంటే క్యాబ్ ముఖ్యం. ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. యాంప్ ప్లగిన్‌లు మార్చి మార్చి వారాలు గడిపాక, ఒక్క ఇంపల్స్ రెస్పాన్స్ మార్చగానే టోన్ మొత్తం మారిపోయింది. ఇంపల్స్ రెస్పాన్స్ అంటే ఒక స్పీకర్ ముందు ఒక మైకు పెడితే శబ్దం ఎలా మారుతుందో పట్టి ఉంచిన చిన్న ఫైల్. మెటల్‌కి సెలెషన్ వింటేజ్ 30 స్పీకర్, దాని ముందు 1965 నుంచి వస్తున్న ష్యూర్ ఎస్ఎం57 మైకు, ఈ జంటతో మొదలుపెడితే తప్పు పోరు. మైకు స్పీకర్ నడిమధ్యకి దగ్గరైతే శబ్దం పదునుగా, అంచుకి జరిగితే మందంగా ఉంటుంది. ఈక్యూ ముట్టుకోకముందే ఇక్కడ ఎంపిక సరిగా జరగాలి. పద్ధతి ఏంటంటే, డ్రమ్స్, బేస్, గొంతు అన్నీ మోగుతుండగా పది ఫైళ్లు వరసగా మార్చి చూడండి, గిటార్‌ని ఒంటరిగా వినొద్దు. అరగంటలో తేల్చేసి ముందుకెళ్లండి. ఫోల్డర్‌లో 500 ఉన్నాయని 500 వినడం చీరల షాపులో సాయంత్రం దాకా కూర్చోవడం లాంటిదే, చివరికి మొదట చూసిందే తీసుకుంటారు.

నిజం క్యాబ్ ముందు రెండు మైకులు పెడితే ఒక జాగ్రత్త. శబ్దం గాలిలో ఒక మిల్లీసెకనుకి సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. రెండు మైకుల దూరాల్లో నాలుగు వేళ్ల తేడా ఉన్నా మళ్లీ ఆ దువ్వెన గొడవే. తర్వాత వేవ్‌ఫామ్‌లు దగ్గరగా చూసి ఒకదాన్ని జరిపి కలపండి.

ఇప్పుడు ఈక్యూ, సోలో బటన్ ముట్టుకోకుండా

సోలో బటన్ అంటే ఒక్క ట్రాక్‌నే ఒంటరిగా వినిపించేది. ముందు ఫేడర్లు. కిక్, స్నేర్, బేస్, గొంతు సరిగా నిలబెట్టాక గిటార్లను సున్నా నుంచి మెల్లగా పైకి తీసుకురండి. స్నేర్ దెబ్బ మెత్తబడుతున్నట్టు అనిపించిన చోట ఆగి, ఒక డెసిబెల్ వెనక్కి రండి. సగం మిక్స్ ఇక్కడే అయిపోతుంది.

రెండు గిటార్లనీ ఒక బస్‌లోకి (ట్రాక్‌లు కలిసే ఉమ్మడి చానెల్‌లోకి) పంపి అక్కడ ఈక్యూ పెట్టండి. 80 హెర్ట్జ్ కింది శబ్దాన్ని కోయడానికి హై పాస్ ఫిల్టర్, 10 కిలోహెర్ట్జ్ పైది కోయడానికి లో పాస్. కింద 100 దాకా కూడా పోవచ్చు, పాట ట్యూనింగ్‌ని బట్టి చెవితో తేల్చండి. ఆరో తీగ 65 హెర్ట్జ్ దగ్గర ఉంటే 80 దగ్గర కోసేయడం ఏంటని సందేహం రావొచ్చు. ఆ అడుగు భాగం బేస్‌ది, దాన్ని బేస్‌కే వదిలేయండి. డిస్టార్షన్‌లో పైస్వరాలు దండిగా ఉంటాయి కాబట్టి మూలస్వరం కాస్త తగ్గినా చెవి దాన్ని పోల్చుకుంటుంది.

3 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ఏదో ఒకటి రెండు చోట్ల ఈల వేస్తున్నట్టు సన్నటి శబ్దం నిలిచిపోతుంది. రిఫ్ మారినా ఆ ఈల మారదు, అదే గుర్తు. దాన్ని సన్నటి బ్యాండ్‌తో 4, 5 డెసిబెల్స్ తగ్గించండి. రెండు మూడు కోతలు చాలు. బ్యాండ్‌ని 15 డెసిబెల్స్ లేపి అటూ ఇటూ జరుపుతూ వెతికితే ఎక్కడైనా చెడ్డగానే వినిపిస్తుంది, అలా కోసుకుంటూ పోతే చివరికి గిటార్ జల్లెడవుతుంది.

200 నుంచి 400 దగ్గర గొంతులో గుడ్డ కుక్కినట్టు మూగగా ఉంటే వెడల్పుగా ఒక 2 డెసిబెల్స్ తీయండి. 500 నుంచి ఒకటిన్నర కిలోహెర్ట్జ్ దాకా మాత్రం చేయి పెట్టొద్దు. కొత్తవాళ్లు యాంప్ మీద మిడ్ నాబ్ సున్నాకి తిప్పేసేది సరిగ్గా ఈ ప్రాంతాన్నే. మీ వీధిలోకి బరాత్ వచ్చినప్పుడు గమనించండి. కిటికీలు మూసుంటే దూరం నుంచి డోలు దెబ్బ ఒక్కటే గుండెకి తగులుతుంది, ఏం పాటో తెలియదు. కిటికీ తెరవగానే ట్రంపెట్ వినపడుతుంది, పాట పోల్చుకుంటాం. రిఫ్‌ని పోల్చుకునేది కూడా ఆ మధ్య భాగంలోనే.

పామ్ మ్యూట్లకి ఒక ప్రత్యేకమైన పని. మ్యూట్ చేసిన ప్రతిసారీ 100, 200 హెర్ట్జ్ మధ్య ఒక్కసారిగా గుమ్ముమని ఉబ్బుతుంది, కార్డులు (రెండు మూడు స్వరాలు కలిపి మీటేవి) తెరిచి వాయిస్తే ఆ ఉబ్బు ఉండదు. మామూలు ఈక్యూతో తీస్తే తెరిచిన కార్డులు పలచబడిపోతాయి. అందుకని 80 నుంచి 250 మధ్య మాత్రమే పనిచేసేలా మల్టీబ్యాండ్ కంప్రెసర్ గానీ డైనమిక్ ఈక్యూ గానీ (రెండూ శబ్దం ఒక హద్దు దాటినప్పుడే దాన్ని తగ్గిస్తాయి, ఆ హద్దే థ్రెషోల్డ్) పెట్టి, మ్యూట్ పడ్డప్పుడు మాత్రమే 3, 4 డెసిబెల్స్ తగ్గేలా థ్రెషోల్డ్ దించండి. కార్డుల దగ్గర మీటర్ కదలకూడదు. అంతకు మించి కంప్రెషన్ రిథమ్ గిటార్‌కి అక్కర్లేదు, డిస్టార్షనే పెద్ద కంప్రెసర్. డిస్టార్షన్ లేని క్లీన్ గిటార్‌కి మాత్రం కంప్రెసర్ 3:1 నిష్పత్తి దగ్గర పెట్టుకోండి.

గొంతు దగ్గర మనకొక చిక్కు ఉంది. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. గిటార్లు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య నిండుగా ఉంటే హల్లులు, ముఖ్యంగా వత్తులు, వాటి కింద నలిగిపోయి వినేవాడికి ఆ, ఊ, ఏ మాత్రమే చేరతాయి. పాటంతా కేకల్లా అనిపిస్తుంది. గిటార్ బస్ మీద 2.5 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక డైనమిక్ బ్యాండ్ పెట్టి, గొంతు ట్రాక్‌ని దానికి సైడ్‌చెయిన్ ఇవ్వండి, అంటే గొంతుని విని ఆ బ్యాండ్ పనిచేసేలా పెట్టండి. పాడినప్పుడు గిటార్ 2 డెసిబెల్స్ ఒదుగుతుంది, ఆపగానే తిరిగి లేస్తుంది. ఎవరికీ తెలియదు, సాహిత్యం మాత్రం తెలుస్తుంది.

గిటార్ బరువు బేస్‌లో ఉంది

మీకు నచ్చిన మెటల్ పాటల్లో 'గిటార్ టోన్' అనుకునేదాంట్లో సగం బేస్ గిటార్ టోనే. బేస్ ట్రాక్‌ని రెండుగా చేయండి. ఒకదానికి 200 హెర్ట్జ్ పైన అంతా కోసి, గట్టిగా కంప్రెస్ చేసి కదలకుండా నిలబెట్టండి. రెండోదానికి 200 కింద అంతా కోసి డిస్టార్షన్ వేయండి. ఒంటరిగా వింటే చెత్తగా, గరగరలాడుతూ ఉంటుంది, అలాగే ఉండాలి. అది గిటార్ల కిందికి వెళ్లి అతుక్కున్నప్పుడు గిటార్లకే కండ పట్టినట్టుంటుంది. డిస్టార్షన్ ప్లగిన్ ఏమైనా ఆలస్యం తెచ్చి రెండు ట్రాక్‌లూ జరిగిపోయాయేమో, ఒకదాని పొలారిటీ తిప్పి (వేవ్‌ని తలకిందులు చేసి) చూడండి. తిప్పినప్పుడు కింద బరువు పెరిగితే అక్కడ గొడవ ఉన్నట్టే. తర్వాత బేస్ ట్రాక్ మ్యూట్ చేసి వినండి. గిటార్లు ఒక్కసారిగా బక్కచిక్కిపోవాలి, అప్పుడు లెక్క సరిపోయినట్టు.

సోలో గిటార్ గురించి పెద్దగా లేదు. మధ్యలో పెట్టండి, 1 కిలోహెర్ట్జ్ చుట్టూ కాస్త లేపండి, పాట వేగానికి సరిపడే డిలే ఇవ్వండి. 60,000ని బీపీఎంతో (నిమిషానికి వచ్చే బీట్లతో) భాగిస్తే ఒక బీట్ మిల్లీసెకన్లలో వస్తుంది: 120 అయితే 500, అందులో ముప్పావు తీసుకుంటే 375. రిథమ్ గిటార్లకి రివర్బ్ వద్దు. పల్లవి పేలాలంటే పల్లవిని పెంచకండి, చరణంలో గిటార్ బస్‌ని ఒక డెసిబెల్ దించి పల్లవికి మళ్లీ మామూలు లెవెల్‌కి తీసుకురండి.

వినే తీరు

పది పదకొండు అడుగుల గదిలో స్పీకర్లు కింది శబ్దం గురించి అబద్ధాలు చెబుతాయి. మూలల్లో దూది పరుపులు నిలబెడితే కొంత దారికొస్తుంది, అయినా బేస్ సంగతి హెడ్‌ఫోన్‌లోనే తేల్చుకోండి. సౌండ్ తక్కువ పెట్టుకుని, పక్కన మనిషి మాట్లాడితే వినపడేంతలో పనిచేయండి. మీకిష్టమైన పాట ఒకటి పక్క ట్రాక్‌లో పెట్టుకోండి, కానీ దాన్ని మీ మిక్స్ అంత సౌండ్‌కి దించి పోల్చండి. మాస్టరింగ్ (విడుదలకి ముందు చివరి మెరుగులు) అయిన పాట ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది, గట్టిగా ఉన్నది చెవికి బాగున్నట్టే అనిపిస్తుంది. ఈక్యూ ఆన్, ఆఫ్ చేసి పోల్చేటప్పుడూ ఇదే మోసం. గంటకోసారి లేచి టీ తాగి రండి.

చివర్లో మాస్టర్ (మిక్స్ అంతా బయటికెళ్లే చానెల్) మీద మోనో బటన్ నొక్కండి. పక్కల్లో ఉన్న గిటార్లు కాస్త తగ్గడం మామూలే, మాయమైపోతే మాత్రం వెనక్కెళ్లి కాపీలు, మైకుల దూరాలు చూడండి. ఆ తర్వాత ఫోన్ స్పీకర్‌లో, కారులో, అదే బ్లూటూత్ డబ్బాలో వినండి. మాస్టరింగ్‌కి పంపేది 24 బిట్ వేవ్ ఫైల్, పీక్ మైనస్ 3 దాటకుండా, మాస్టర్ మీద లిమిటర్ (శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వనిది) తీసేసి. డీఐ ట్రాక్‌లన్నీ వేరే హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ వేసి, ఫైల్ పేరులోనే ట్యూనింగ్, బీపీఎం రాసి పెట్టుకోండి. నా ఆ మొదటి పాటకి డీఐలు ఉంచుకోలేదు, అందుకే ఫ్రెండ్‌ని బతిమాలి మొత్తం మళ్లీ వాయించుకున్నాను. ఈసారి రెండుసార్లు.